పందిరి అందుకునే చెయ్యి కోసం పట్నం పోయినం

మా వాడకట్టుల ఇప్పుడు ఎవరికి భుజం నొచ్చినా మా ఇంటికే వస్తున్నరు. వచ్చి కూసోంగనే "ఏదీ, కుట్లు చూపియ్యి" అంటరు. రైక జరిపి చూపిచ్చీ చూపిచ్చీ నాకు సిగ్గు కూడ పోయింది. చూసినంక అడిగేటివి అందరివీ ఒక్క తీరు మాటలే. నొప్పి ఎంతుంటది, లోపల ఇనుపది పెడితే చలికాలం జివ్వుమంటదా, పట్నంల తిండి ఎట్ల, ఆడ మనసొంటోళ్లు ఉంటరా. ఒక్కొక్కరికి చెప్పుడు కన్న రాసిపెడితే నయమనిపిచ్చింది. నేను బడి మొఖం చూడలేదు. మా బాపు పనులు లేని పూట నన్ను అరుగు మీద కూసుండబెట్టి పలక మీద దిద్దిచ్చిండు, ఆ తర్వాత పురాణం చదివిచ్చిండు. ఆయన పుణ్యాన ఈ నాలుగు ముక్కలు రాస్తున్న. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండ్రి.

ముందుగాల చెయ్యి సంగతి చెప్పాలె. నారాయణరావుపేట తొవ్వల మాకు ఇరవై గుంటల పందిరి ఉన్నది. రాతి కడీలు పాతి, మీద ఇనుప తీగలు అల్లి, బీర, కాకర పాకిచ్చే పందిరి. దాని కింద పనంతా చేతులు మీదికి లేపి చేసేదే. తీగ సర్దుడు, ముదురాకు దుంచుడు, కాయ కోసుడు. ఏండ్ల సంది మీదికి చూసుకుంట చేసిన పనికి నా కుడి భుజం కీలు అరిగింది. మొదలు కటకటమన్నది. తర్వాత కీల్ల ఇసుక పోసినట్టయింది. ఆఖరుకు చెయ్యి రొమ్ము దాటి లేవకుంటయింది. తల దువ్వే పని కూడ మా ఇంటాయన చేతులల్ల పడ్డది. ఆయన జడ ఏస్తే గడ్డిమోపు కట్టినట్టే ఉంటది, సుట్టాల పెండ్లికి పోయి దినమంత తిరిగొచ్చినా ఒక్క వెంట్రుక కదలదు.

సిద్దిపేటల డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది గోలీలతోని అయ్యేది కాదు, పట్నం పోయి కీలు మార్పిచ్చుకోండ్రి అన్నడు. అదే వారంల పామాయిల్ మొక్కలు పెట్టుకోండ్రని ఒకాయన వచ్చి పోయిండు. మా ఇంటాయన పందిరి కాడ నిలబడి చాన సేపు కడీల దిక్కు చూసిండు. "చెయ్యి లేస్తే సరే. లేవకపోతే కడీలు పీకిచ్చి గా మొక్కలే పెడదాం. పందిరి ఒక్కనితోని కాదు" అన్నడు. తప్పు పట్టేటందుకు లేదు. ఆయనకూ డెబ్బై దగ్గరపడ్డయి. నేను మాత్రం మనసుల మల్లన్నకు ఒక్కటే చెప్పుకున్న: నొప్పి ఉంటే ఉండనియ్యి స్వామీ, చెయ్యి తీగ దాక లేపు.

రాజవ్వ వదినె పట్టు

పోయే ముందటి రోజు మాపటికి పక్కింటి రాజవ్వ వదినె వచ్చింది. నా కన్న పదేండ్లు పెద్దది. నేను కొత్త కోడలుగ ఈ ఊర్ల అడుగు పెట్టిన నాడు కాళ్లకు నీళ్లిచ్చింది ఆమెనే. చేతుల ఒక గిన్నె పట్టుకొచ్చింది. ఎల్లిగడ్డ, సున్నం, ఇంకేదో ఆకు కలిపి నూరిన ముద్ద. "దవాఖానోళ్లు ఎప్పుడు కోస్తరో ఏమో, ఆ దాక బస్సు కుదుపులకు ఓర్చుకోవాలె గద. గిది కడితే తెల్లారేవరకు నొప్పి గుంజేస్తది" అనుకుంట భుజం నిండ పట్టేసి, పాత పంచె పేలికతోని బిర్రుగ కట్టింది. మంట లేసింది. మంట లేస్తేనే మందు పనిచేస్తున్నట్టు అన్నది. అంత ప్రేమతోని నూరుకొచ్చినదాన్ని ఎట్ల వద్దంట?

తెల్లారి విప్పి చూసుకుంటే భుజమంత ఎర్రగ ఉడికి, నీటి బుగ్గలు లేసినయి. మా ఇంటాయనకు చెప్తే రాజవ్వ మీదికి లడాయికి పోతడు. పొడుగు చేతుల రైక తొడుక్కొని, మీద కొంగు కప్పుకొని బయలెల్లిన.

బస్సుల

సిద్దిపేట బస్టాండుల పట్నం బస్సు దొరికింది. ఆడోళ్లకు టికెట్ లేదు గద. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ కొట్టింది, మా ఇంటాయనకు మాత్రం అసలు టికెట్ కొట్టింది. "రోగం నీకు, కిరాయి నాకు" అనుకుంట ఆయన పైసలు తీసిండు. ముందరి సీట్ల కూసున్న ఆడోళ్లందరు నవ్విన్రు.

నా పక్కన ఒక ముసలవ్వ కూసున్నది. బిడ్డ కాన్పుకు పోతున్నదట, ఒళ్లె కారప్పొడి డబ్బా. ఏడికి పోతున్నవంటే చెప్పిన. కీలు మారుస్తరని ఎన్నడూ ఇనలేదట. "ట్రాక్టర్‌కు మార్చినట్టేనా?" అని అడిగింది. అంతే అవ్వా అన్న. "మరి పాతది ఇస్తరా, ఆళ్లే ఉంచుకుంటరా?" అన్నది. ఆ సంగతి నాకూ తట్టలేదు. అడిగి చెప్తనన్న. ఆమె దిగే ముందట నా తల మీద చెయ్యి పెట్టి "పొయి రా బిడ్డా, నిమ్మలంగ రా" అన్నది. పేరు కూడ అడగలేదు. ఇప్పటికీ మాపటికి దీపం పెట్టినప్పుడు ఆమెను యాది చేసుకుంట.

ప్రజ్ఞాపూర్ కాడ బస్సు ఆగితే చాయ తాగినం. ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి తలా ఒక ముక్క తిన్నం. మా ఇంటాయన ఇద్దరి ముక్కలల్ల మాడిన అంచంత నాకిచ్చిండు, నాకు అదే ఇష్టమని. గిట్ల ఉంటది ఆయన ప్రేమ, నోటితోని ఒక్క ముక్క రాదు.

దవాఖాన: మొదటి చూపు

పట్నం దవాఖాన గురించి పోనోళ్లకు ఒక్కటి చెప్పాలె. లోపల ఎండాకాలం ఉండది. మే నెలల పోయి ఏసీ చలికి స్వెటర్ కోసం ఎతుక్కున్న. మన దగ్గర దవాఖానకు పోతే పక్కన కూసున్నోళ్లు "ఏమైంది, ఎన్నొద్దుల సంది" అని అడిగి, రోగం సగం ఆళ్లే చెప్పేస్తరు. ఆడ ఎవల ఫోనుల ఆళ్లు. మాట్లాడేటోళ్లు లేక నాకు నోరు ఎండిపోయింది.

భుజాల డాక్టరు ఒక ఆడపిల్ల. మా కోడలీడు ఉంటది. మణికట్లు నా బొటనవేలంత సన్నగున్నయి. మా ఇంటాయన నా చెవుల "గీమె ఎముకలు కోస్తదా?" అన్నడు. ఆమె ఇన్నదో లేదో గని, నవ్వుకుంట నా చెయ్యి పట్టి తిప్పి చూసింది. ఆ సన్నటి చేతులల్ల ఎంత బలమున్నదో అప్పుడు తెలిసింది.

ఈ చెయ్యితోని నీకేం చెయ్యాలె అమ్మా అని అడిగింది. తల దువ్వుకోవాలె అంటరట చానమంది. నేను పందిరి సంగతి చెప్పిన. తీగ ఎంత ఎత్తున ఉంటదో ఎడమ చెయ్యి లేపి చూపిచ్చిన. ఆమె కాగితం మీద బొమ్మ గీసింది. మామూలు భుజంల చెయ్యి ఎముకకు బంతి, రెక్క ఎముకకు గిన్నె ఉంటదట. నాకు ఆ బంతిని పట్టుకునే నరాలు కూడ తెగిపోయినయి కాబట్టి ఉల్టా పెడుతమన్నది. గిన్నె జాగల బంతి, బంతి జాగల గిన్నె.

మా ఇంటాయన ఇదంత ఇని, చాన ఆలోచన చేసి, "ఉల్టా పెడితే లేపుతే కిందికి, దించుతే మీదికి పోదు గద?" అని అడిగిండు. నిజంగనే అడిగిండు. డాక్టరమ్మ నవ్వలే. "పోదు తాతా" అన్నది. తర్వాత నా దిక్కు తిరిగి, "నొప్పి తగ్గుతదని మాటిస్తా. ఎంత ఎత్తు లేస్తదో మాటియ్యలేను. చానమందికి తల దాటుతది. కొందరికి గదవ దగ్గర్నే ఆగుతది" అని తన గడ్డం ముట్టి చూపిచ్చింది. తీగ తల మీద ఇంకో మూరెడు ఉంటది.

ఇగ రైక జరపమన్నది. జరిపిన. డాక్టరమ్మ కుర్చీ ముందటికి గుంజుకొని ఒంగి చూసింది.

"ఏందమ్మా ఇది?"

చెప్పక తప్పలే. ఎల్లిగడ్డ, సున్నం, రాజవ్వ. డాక్టరమ్మ కోపం చెయ్యలే, అదే ఇంక బుగులైంది. ఈ తోలు మీద కత్తి పెడితే చీము లోపలికి పోతదట. లోపల పెట్టేది ఇనుము, దానికి చీము పడితే మల్ల తీసెయ్యాల్సిందేనట, అప్పుడు చెయ్యి అసలుకే పోతదట. తోలు మొత్తం మానేదాక ఆపరేషన్ లేదన్నది. "ఊరికి పోయి మానినంక రండి" అన్నది. మా ఇంటాయన ముందటికి జరిగిండు. "ఊరికి వద్దమ్మా. గీమెను ఊరికి తోలుకపోతే మా రాజవ్వ ఇంకో ఆకు నూరుతది" అన్నడు. డాక్టరమ్మ అప్పుడు నవ్వింది.

బయటికొచ్చినంక ఒక్క మాట అడుక్కున్న: వదినెకు ఫోన్ల ఏమనొద్దు. ఆయన మీసం దువ్వుకున్నడు. ఆ రోజు రాజవ్వ ఫోన్ చేసి "నొప్పి గుంజిందా?" అంటే, ఆయనే "బాగ గుంజిందక్కా" అన్నడు. నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ, ఎంత పావురమైందో.

దవాఖాన ఎనుక సందుల

దవాఖాన ఎనుక సందుల ఇండ్లన్ని రోగులకు కిరాయికిచ్చే గదులే. ఒక మంచం, ఒక చాప, ఒక ఫ్యాను. మిద్దె మీద రేకుల షెడ్డు కింద అందరికి కలిపి గ్యాస్ పొయ్యిలు. ఆడ చాయ మన ఊరి చాయకు రెండింతల ధర, సగం గిలాస. గని నీళ్లు మాత్రం ఏ ఇంట్ల అడిగినా కాదనలే.

ఆ షెడ్డు కిందనే కోటేశ్వరమ్మ కలిసింది. పల్నాడు మనిషి. ఆళ్లాయనకు తుంటి కీలు మార్చిన్రు. మిరపచేను రైతులు. నేను సర్వపిండి చేస్తుంటే వచ్చి నిలబడి, "ఇదేముంది అక్కా, మా తపేలా చెక్క" అన్నది. మాది సర్వపిండి, మీరే మా దగ్గర నేర్చుకున్నరు అన్న. ఇద్దరం రెండు పూటలు కొట్లాడుకొని, ఆఖరుకు ఆమె చేసింది నేను, నేను చేసింది ఆమె తిని రాజీకొచ్చినం. మా పచ్చిపులుసు చూసి, "కాయకుండానే పోసుకుంటారా?" అని ముక్కున ఏలేసుకుంది. తాగినంక మల్ల గిన్నె చాపింది. ఆమె గోంగూర పచ్చడి తిన్న నాడు మా ఇంటాయన చెంబెడు నీళ్లు తాగి, కండ్లు తుడుసుకొని, ఇంకింత ఏసుకున్నడు.

ఒకనాడు మాపటికి మా పనుల సంగతి మాట్లాడుకున్నం. నా పందిరి గురించి ఇని కోటేశ్వరమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. "మేమేమో మిరపకాయలు కోసి కోసి నడుములు వంగిపోయాం. మీరు బీరకాయలు కోసి కోసి భుజాలు పోగొట్టుకున్నారు. దేవుడికి మధ్యలో ఎక్కడా పంట పెట్టబుద్ధి కాలేదు చూడు" అన్నది.

బుగ్గలు ఎండి, పక్కు రాలి, కొత్త తోలు వచ్చింది. డాక్టరమ్మ ఏలితోని తడిమి చూసి, ఇగ చేద్దామన్నది. భుజం మీద కత్తి పెడుతమంటే సంబురపడ్డది నేనొక్కదాన్నే కావచ్చు.

లోపటి గది

పొద్దుగాలనే తయారు చేసిన్రు. పుస్తెలు, మెట్టెలు తియ్యాలన్నరు. ఇది పోయేటోళ్లకు ముందే చెప్తున్న, మనసు కష్టం చేసుకోవద్దు. కరెంటుతోని నెత్తురు ఆపే మిషన్ ఉంటదట, ఒంటి మీద లోహం ఉంటే కాలుతదట. మా ఇంటాయన పుస్తెలను దస్తిల కట్టి, అంగి లోపటి జేబుల పెట్టుకొని, మీద చెయ్యి పెట్టుకొని కూసున్నడు. నేను తిరిగొచ్చే దాక ఆ చెయ్యి తియ్యలేదని కోటేశ్వరమ్మ చెప్పింది.

మత్తు ఇచ్చే డాక్టరు మొఖం నేను చూడలే, ముసుగు కట్టుకొని ఉన్నడు. కండ్లు మాత్రం నవ్వుతున్నయి. మెడ పక్కన సూది పెట్టుకుంట, పందిరి మీద ఏమేం పండిస్తరమ్మా అని అడిగిండు. బీర అని మొదలుపెట్టిన. బీరల నాటు బీర రుచి, దాని ఈనెలు ఎట్లుంటయి, పచ్చడికి పొట్టు ఎట్ల తియ్యాలె, అన్ని చెప్తున్న. కాకర కాడికి రాకముందే నిద్ర పట్టింది. ఇప్పటికీ ఆయనకు కాకర సంగతి బాకీ ఉన్న.

తెలివొచ్చేవరకు చెయ్యి నాది కాదు. పక్కన ఎవలో మొద్దు పెట్టి పోయినట్టున్నది. మెడకు పెట్టిన సూది మత్తు దిగేదాక అట్లనే ఉంటదట. దిగినంక నొప్పి ఉన్నది, లేదనను. గని అది పాత నొప్పి కాదు. పాత నొప్పి కీలు లోపట దొంగలెక్క కూసొని ఉంటుండె. ఇది కోసిన పుండు నొప్పి, రోజుకింత తగ్గే నొప్పి. ఆ తేడా తెలిసిన పొద్దు దుప్పటి కింద ఎడమ చెయ్యి ఒక్కటే గుండె మీద పెట్టుకొని దండం పెట్టిన.

ఆ ముసలవ్వ మాట యాదికొచ్చి, పాత కీలు ఏం చేసిన్రని నర్సును అడిగిన. కాల్చేస్తరట. ఆమె కనబడితే చెప్పాలె.

ఇంకోటి, పోయేటోళ్లు ముంగట గుండీలున్న అంగీలు తీసుకపోండ్రి. చెయ్యి రైకల పెట్టరాదు. నేను మా ఇంటాయన అంగి తొడుక్కొని, చీర కట్టుకొని, చెయ్యిని మెడకు ఏలాడేసే పట్టీ ఏసుకొని తిరిగిన. ఆ వార్డుల ఆడోళ్లమంత మొగోళ్ల అంగీలల్లనే ఉన్నం. ఒకరినొకరం చూసుకొని నవ్వుకుంటే కుట్లు గుంజుతుండె.

చెయ్యి కదిలిచ్చేటందుకు ఒక కేరళ పిల్ల వచ్చేది. ఆమెకు రెండే తెలుగు మాటలొచ్చు: "నెమ్మది", "ఇంకొంచెం". రెండూ ఒక్కసారే అంటది. నన్ను పడుకోబెట్టి, ఎడమ చెయ్యితోని కుడి చెయ్యిని పట్టి లేపమనేది. మొదలు మంచం నుంచి జానెడు లేసింది. పందిరి యాదికొచ్చి కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ పిల్ల నొప్పి అనుకొని "నెమ్మది" అన్నది, ఎంటనే "ఇంకొంచెం" అన్నది.

రాజవ్వ ఫోను

దవాఖాన నుంచి మల్ల సందుల గదికి వచ్చినం. కుట్లు తీసేదాక ఆడనే ఉండాలె. మా ఇంటాయనకు కాళ్లు ఆగుతలేవు, తొలకరి దగ్గరపడ్డది. రెండు మూడు రోజులు పొలం చూసొస్తనని ఊరికి పోయిండు. నన్ను కోటేశ్వరమ్మ మీద ఇడిసిపెట్టి పోయిండు. ఆమె నా తల దువ్వింది, అన్నం కలిపిచ్చింది, చీర కట్టింది. సొంత చెల్లెలు అంత చెయ్యది. పల్నాడు ఏడ, మా ఊరు ఏడ, ఆమెకు నేనేమైత?

ఆయన పోయిన తెల్లారి రాజవ్వ ఫోన్ చేసింది. మా పందిరికి ఆమెనే కావలి. ఆరోగ్యం అడిగింది, కుట్లు అడిగింది, తర్వాత గొంతు తగ్గిచ్చి, "ఏందే, మీ ఆయన పొద్దుటి సంది పందిరి తీగలన్ని ఇప్పుతుండు. అడుగుతే పలుకడు. పామాయిలాయన కూడ వచ్చి మాట్లాడి పోయిండు" అన్నది.

నేను ఫోన్ పక్కన పెట్టిన. కోటేశ్వరమ్మ ఏమైందని అడిగితే చెప్పిన.

"ఫోన్ చేసి అడగొచ్చుగా అక్కా?"

"నాతోని అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే అడగబుద్ధి అయితలేదు" అన్న.

ఆ రెండు రోజులు కసరత్తుకు దవాఖానకు పోయినప్పుడు, కేరళ పిల్ల ఇంకొంచెం అనకముందే ఇంకొంచెం లేపిన. తీగలు పోయినా సరే, చెయ్యి లేస్తే మల్ల ఏపిచ్చుకోవచ్చు అనుకున్న. అంత కోపంల కూడ ఆ మనిషి దస్తి మీద పెట్టుకున్న చెయ్యే కండ్లల్ల మెదిలేది. ఎట్ల కోపం చెయ్యాలె? తిరిగొచ్చి, "వానలు మంచిగ పడేటట్టున్నయి" అన్నడు. ఔ అన్న.

తిరుగు బస్సు

కుట్లు తీసిన్రు. డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. బరువు ఎత్తొద్దు, గుంజొద్దు, చెయ్యి ఎనుకకు పెట్టి లేవొద్దు, చెప్పిన కసరత్తు మానొద్దు. మూడు నెలలకు చెయ్యి ఎంత లేస్తే ఇంచుమించు అదే నీ ఎత్తు అన్నది. కోటేశ్వరమ్మ మెట్ల కాడిదాక వచ్చి, మిరప్పొడి పొట్లం నా సంచిల పెట్టి, ఏడ్వకుంట మొఖం తిప్పుకున్నది. ఆళ్లాయన కర్ర పట్టుకొని ఒక్కొక్క మెట్టు దిగొచ్చి దండం పెట్టిండు.

బస్సుల నా మెడ పట్టీ చూసి ముగ్గురు లేసి సీటిచ్చిన్రు. మా ఇంటాయన మల్ల టికెట్ తీసుకున్నడు.

ఇంటి ముంగట రాజవ్వ చెంబు పట్టుకొని నిలబడ్డది. దిష్టి తీసి, కాళ్ల మీద నీళ్లు పోసి, భుజం తిప్పి తిప్పి చూసి, "కుట్టు మంచిగ పడ్డది. అయినా సగం పని నా పట్టే చేసింది" అన్నది. మా ఇంటాయన దగ్గుకుంట ఇంట్లకు పోయిండు.

కడీల కాడ

తెల్లారి పందిరి కాడికి పోయినం. కడీలు కడీలే ఉన్నయి, మీద ఆకాశమే. ఒక్క తీగ లేదు. అప్పటిదాక ఆపుకున్న మాట ఆగలే.

"మొక్కలు ఎప్పుడొస్తయి?" అన్న.

"ఏం మొక్కలు?"

"పామాయిల్ మొక్కలు."

"ఆయనకు వద్దని చెప్పి పంపిన" అన్నడు. తీగలు చుట్టలు చుట్టి కొట్టంల పెట్టిండట. "పాత ఎత్తున తీగ ఉంటే నువ్వు ఊకోవు. అందుతదా అని గుంజి గుంజి కొత్త కీలు పాడు చేసుకుంటవ్. చెయ్యి ఏడిదాక లేస్తదో లేవనియ్యి. గాడ కడుత."

"గదవ దాకనే లేస్తే?" అన్న.

"గదవ కాడ కడుత. కూసోని కోసుకుందాం."

ఇంత మాట పట్నంల చెప్తే ఏం పోయిందని అడిగిన. చెయ్యి ఎంత లేస్తదో తెలువకముందే ఆశ పెట్టొద్దని చెప్పలేదట. విత్తనం ఈసారి ఆలస్యంగ పెట్టుకుందాం, బీరకు కాలంతోని పనిలేదన్నడు.

ఆ నాటి సంది పొద్దుగాల చాయ తాగి కడీ కాడికి పోవుడే నా కసరత్తు. రాయి మీద ఏళ్లు పెట్టి, చీమ ఎక్కినట్టు ఎక్కియ్యాలె. ఎక్కిన కాడ ఆయన ఎర్రటి జాజు ముక్కతోని గీత గీసేటోడు. కొన్ని పొద్దులు గీత మీద గీతనే పడ్డది. కొన్ని పొద్దులు ఏలెడు పెరిగింది. గదవ దాటింది. ఆ నాడు రాజవ్వ కొబ్బరికాయ కొట్టింది. నుదురు దాటింది. తొవ్వల పోయేటోళ్లు ఆగి, ముసలోళ్లిద్దరు రాయికి గీతలు పెట్టుకుంట ఏం చేస్తున్నరని అడిగి పోయేటోళ్లు. ఇల్లు కడుతున్నం అనేటోడు మా ఇంటాయన.

మూడు నెలలు నిండినయి. నా ఏళ్లు తల దాటి జానెడు పోయి ఆగినయి. పాత తీగ కాడికి ఇంకో జానెడు తక్కువ. దేవుడు అడిగినంత ఇయ్యలే, అయినా నాకు తక్కువ చెయ్యలే. మా ఇంటాయన ఆఖరి గీత కాడ కడీలన్నిటికి తీగ కట్టిండు. మీద కడీల తలకాయలు కొప్పుల్లెక్క లేసి ఉన్నయి. విత్తనం పెట్టినం, బీర తీగ పాకింది. మొదటి గంప కాయలు ఆయన నెత్తిన పెట్టుకొని వస్తే కొమురవెల్లి మల్లన్న గుడి కాడ పంచినం. ఇప్పుడు నేను కత్తెర పట్టి కాయలు కోస్తున్న, గుంజుతలేను. జడ కూడ నేనే ఏసుకుంటున్న, వంకరగ వచ్చినా నాదే.

మా ఇంటాయన పొడుగు మనిషి. కొత్త పందిరి కింద వంగే నడువాలె. యాది మరిసి లేసినప్పుడల్ల తీగ నెత్తికి తాకుతది. రుద్దుకొని మల్ల వంగుతడు.

నిన్న పొద్దుగాల ఎవలూ లేనప్పుడు చెయ్యి లేపిన. ఏళ్లు తీగ దాటి మీదికి పోయినయి. ఇంకా లేసేటట్టున్నది. ఆయనకు చెప్పలే. చెప్తే ఇరవై గుంటల తీగ మల్ల ఇప్పి మీదికి కడుతడు. ఈ పంట అయ్యేదాక వంగనియ్యి.